వార్తల్లో పదం: అబ్జర్వబుల్

సెర్చ్ బాక్సులో 'విజయవాడ' అని కొట్టేలోపు బ్రౌజర్‌కు అరడజను ఈవెంట్లైనా అందుతాయి. ప్రతి అక్షరానికీ సర్వర్‌ను అడిగితే, 'విజ'కు రావాల్సిన జవాబు ఆలస్యంగా వచ్చి, 'విజయవాడ' జవాబును తోసేసి కూర్చోవచ్చు. వెబ్ ప్రోగ్రామర్లకు ఇది పాత తలనొప్పి.

దీనికి మందు అబ్జర్వబుల్. అంటే కాలంలో పరుచుకున్న జాబితా. మామూలు అర్రేలో విలువలన్నీ ముందే ఉంటాయి, మనం వెళ్లి తీసుకుంటాం. ఇక్కడ అవే ఒక్కొక్కటిగా వచ్చి తలుపు తడతాయి. అర్రే మీద వాడే మ్యాప్, ఫిల్టర్ వంటి ఫంక్షన్లు ఈ ప్రవాహం మీదా నడుస్తాయి. మూలాన్ని ముట్టుకోకుండా దాన్నుంచి కొత్త ప్రవాహాన్ని తీయడమే ఇందులోని ఫంక్షనల్ పద్ధతి. మన సెర్చ్ బాక్సుకు డిబౌన్స్‌టైమ్ 300 అని రాస్తే, టైపింగ్ ఆగి 300 మిల్లీసెకన్లు గడిచాకే ప్రశ్న వెళ్తుంది. స్విచ్‌మ్యాప్ పెడితే, కొత్త ప్రశ్న రాగానే పాతది రద్దు. రెండు వరుసలతో తలనొప్పి పోయింది. ప్రవాహాన్ని మలిచే ఇలాంటి ఆపరేటర్ల పేర్లు గుర్తుపెట్టుకోవడం మాత్రం మరో తలనొప్పి!

మైక్రోసాఫ్ట్‌లో ఎరిక్ మైయర్ బృందం రూపొందించిన రియాక్టివ్ ఎక్స్‌టెన్షన్స్ అబ్జర్వబుల్‌కు మూలం. దాని జావాస్క్రిప్ట్ రూపమే ఆర్‌ఎక్స్‌జేఎస్. వెబ్ ఫ్రేమ్‌వర్క్ యాంగ్యులర్ దాన్ని నెత్తికెత్తుకుంది. అబ్జర్వబుల్‌ను జావాస్క్రిప్ట్ భాషా ప్రమాణంలో చేర్చాలన్న ప్రతిపాదన 2015లోనే, ఆ ప్రమాణాన్ని చూసే టీసీ39 కమిటీలో తొలి మెట్టెక్కి అక్కడే చతికిలపడింది. చివరికి 2025లో క్రోమ్ 135 దీన్ని నేరుగా బ్రౌజర్‌లోకి తెచ్చింది. బటన్ మీద 'వెన్' అని పిలిస్తే చాలు, క్లిక్కుల ప్రవాహం చేతికొస్తుంది. డిబౌన్స్ మాత్రం అందులో పెట్టలేదు.