శిరస్త్రాణమునకు జర్మను పేరు

గనులలోను, కట్టడములు లేచుచోటను, మోటారు సైకిళ్లు పరుగెత్తు బాటలమీదను తలను కాపాడుకొనుటకు పెట్టుకొను గట్టి టోపీని మన పండితులు శిరస్త్రాణమనిరి. జనులు హెల్మెట్టు అనుచున్నారు. జర్మను భాషలో దీని పేరు 'హెల్మ్'. ఈ చివరి రెండు పేర్లును చుట్టములే. పూర్వము జర్మానిక్ జాతుల భాషలనుండి ఈ మాట ఫ్రెంచిలోనికి పోయి, అచ్చట 'చిన్నది' అను అర్థమునిచ్చు ప్రత్యయము చేరి హెల్మెట్ అయి, ఇంగ్లీషు ద్వారా మన ఊళ్లకు వచ్చినది. కప్పుట, దాచుట అను అర్థముగల ప్రాచీన ధాతువునుండి హెల్మ్ పుట్టినదని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. రక్షణము, ఆశ్రయము అను అర్థములుగల సంస్కృతపు 'శర్మన్' శబ్దమును దీనికి తోబుట్టువుగా చూపుదురు. అట్లయినచో మన శర్మగారి పేరులోను, జర్మను చక్రవర్తుల 'విల్‌హెల్మ్' అను పేరులోను ఒకే మూలము దాగియున్నదన్నమాట.

అయితే హెల్మ్ అని మాత్రమే వల్లించినవానికి ఆ పదము సగమే వచ్చినది. జర్మను నిఘంటువు తెరచి చూచినచో ఆ పదము ప్రక్కన 'డేర్' అను చిన్న మాట యుండును. అది లింగమును తెలుపు గుర్తు. డేర్ పుంలింగమునకు, డీ స్త్రీలింగమునకు, డాస్ నపుంసకలింగమునకు. హెల్మ్ పుంలింగము, కనుక 'డేర్ హెల్మ్' అని రెండు మాటలను ఒకే మాటవలె కంఠస్థము చేయవలెను.

టోపీకి మగతనమేమి యని తెలుగువాడు అడుగును. అట్లడుగుట సహజమే. తెలుగులో అర్థమునుబట్టియే లింగము. పురుషులను తెలుపునవి మహత్తులు. పశుపక్ష్యాదులును, వస్తువులును అమహత్తులు. స్త్రీల విషయమున మాత్రము ఏకవచనములో 'ఆమె వచ్చినది' అని ఒక తీరును, బహువచనములో 'వారు వచ్చిరి' అని మరియొక తీరును కలవు. టోపీ ఎన్నటికిని 'వాడు' కాజాలదు. కాని సంస్కృతము చదివినవారికి జర్మను పద్ధతి వింతగా తోచదు. ఇల్లాలు అను ఒకే అర్థమున 'భార్యా' స్త్రీలింగము, 'కళత్రమ్' నపుంసకలింగము, 'దారాః' పుంలింగము, అదియును నిత్యబహువచనము! జర్మనుల భోజనపుబల్లమీద చెంచా పుంలింగము, ముళ్లచెంచా స్త్రీలింగము, కత్తి నపుంసకలింగము. బాలిక అని అర్థమిచ్చు 'మేట్‌షెన్' సైతము నపుంసకమే. దీనికి మాత్రము కారణము చెప్పవచ్చును: 'షెన్' అను ప్రత్యయము చేరిన పదమెల్ల నపుంసకలింగమగును. హెల్మ్ ఏల పుంలింగమైనదో అడిగి ప్రయోజనము లేదు. దాని తోబుట్టువైన శర్మన్ శబ్దము సంస్కృతమున నపుంసకము కదా!

లింగము తప్పినచో నష్టమేమి? 'డీ హెల్మ్' అని అడిగినను జర్మను దుకాణదారుడు హెల్మెట్టునే చేతికిచ్చును. అయినను ఆ తప్పు అంతటితో ఆగదు. తెలుగులో ని, కు మొదలగు విభక్తి ప్రత్యయములు పదమునకు చివర చేరును. జర్మనులో ఆ పని చాలవరకు పదము ముందున్న డేర్, డీ, డాస్ లే చేయును. ద్వితీయలో డేర్ హెల్మ్ 'డేన్ హెల్మ్' అగును. చతుర్థిలో 'డేమ్ హెల్మ్', షష్ఠిలో 'డెస్ హెల్మెస్'. స్త్రీ నపుంసకములకు ద్వితీయలో మార్పు లేదు, పుంలింగమునకే కలదు. 'డేన్ హెల్మ్ ట్రేక్ట్ డేర్ మాన్' అను వాక్యములో హెల్మెట్టు ముందు వచ్చినను, ధరించినది మనిషియే యని డేన్ అను మాటయే తెలుపుచున్నది. 'రాముని చూచెను కృష్ణుడు' అనునప్పుడు మన 'ని' వర్ణము చేయు పని యిదియే. లింగము తెలియనివాడు ఈ మార్పును చేయలేడు. బహువచనములో ఈ చిక్కు కొంత తగ్గును. అన్ని లింగములకును డీ యే గుర్తు. 'డీ హెల్మె' అనగా హెల్మెట్లు.

'ఐన్ హెల్మ్', అనగా ఒక హెల్మెట్టు, అని నేర్చినచో చాలదా? చాలదు. పుంలింగమునకును నపుంసకమునకును ఈ 'ఐన్' ఒక్కటే. విశేషణము చేరినప్పుడే భేదము బయటపడును. 'ఐన్ నోయెర్ హెల్మ్' క్రొత్త హెల్మెట్టు. 'ఐన్ నోయెస్ బూఖ్' క్రొత్త పుస్తకము.

లింగము మారినచో అర్థమే మారు పదములు కూడ కలవు. 'డేర్ హూట్' అనగా టోపీ. 'డీ హూట్' అనగా కాపుదల. రెండును ఒకే మూలమునుండి వచ్చినవే. 'ఔఫ్ డేమ్ హూట్' అన్నచో టోపీమీద అని అర్థము. 'ఔఫ్ డేర్ హూట్' అన్నచో మెలకువతో నుండుట. ఇచ్చట డేర్ కనబడినంతనే పుంలింగమని భ్రమపడరాదు. స్త్రీలింగపు డీ చతుర్థిలో డేర్ అగును. క్రొత్తగా నేర్చువారు తరచుగా మోసపోవునది ఇక్కడనే.

సమాసముల విషయమున తెలుగు విద్యార్థికి చాల సుకరము. తత్పురుషమున ఉత్తరపదము లింగమే సమాసమునకు లింగమని పాణిని చెప్పెను. జర్మనులోను అంతే. సైకిలు, అనగా 'ఫారాట్', నపుంసకము. సైకిలు తొక్కువారి 'ఫారాట్‌హెల్మ్' మాత్రము పుంలింగము. కార్మికుల 'షుట్స్‌హెల్మ్' అట్టిదే. 1842లో ప్రష్యా సైన్యమునకు వచ్చిన, నడినెత్తిన మొనగల తోలు శిరస్త్రాణము 'పికెల్‌హౌబె'. కుళ్లాయివంటి దానిని తెలుపు 'హౌబె' చివరనుండుటచే అది స్త్రీలింగము. మొదటి ప్రపంచ యుద్ధములో ఆ తోలు ఫిరంగిగుండ్ల తునకలను ఆపజాలకపోయెను. కందకములలో తలకు గాయములు తగిలి సైనికులు మరణించుచుండగా, 1916లో ఉక్కుతో చేసిన 'ష్టాల్‌హెల్మ్' వచ్చినది. ఆ విధముగా జర్మను సైనికుని తలమీది వస్తువు ఉక్కుదైనది. వ్యాకరణమున పుంలింగమును అయినది.

ఇక క్రియలు. తెలుగులో చొక్కా తొడుగుకొందుము, ధోవతి కట్టుకొందుము, పాగా చుట్టుకొందుము, టోపీ పెట్టుకొందుము. జర్మనులో చొక్కాకు 'ఆన్‌ట్సీయెన్', హెల్మెట్టునకు 'ఔఫ్‌జెట్సెన్'. ఈ క్రియలు వాక్యములో రెండుగా విడిపోవును. మొదటి ముక్క వాక్యము చివరకు పోవును. 'జెట్సెన్ జీ డేన్ హెల్మ్ ఔఫ్' అనగా హెల్మెట్టు పెట్టుకొనుడు. 'నేమెన్ జీ డేన్ హెల్మ్ అప్' అనగా హెల్మెట్టు తీయుడు. ఈ రెండవ వాక్యములో చివరి అప్ వినబడనిచో మిగిలినదానికి 'హెల్మెట్టు తీసికొనుడు' అని అర్థము వచ్చును. తీయుట వేరు, తీసికొనుట వేరు. చదువులకును ఉద్యోగములకును జర్మనీకి పోవు తెలుగు యువకులు యంత్రముల రొదలో పని నేర్చునప్పుడు వాక్యము చివరివరకు చెవి యొగ్గుట అవసరము.

'ప్ఫ్లిఖ్ట్' అనగా విధి, అది స్త్రీలింగము. హెల్మెట్టు పుంలింగమైనను, దానిని తప్పక ధరించవలెనను విధి, 'హెల్మ్‌ప్ఫ్లిఖ్ట్', స్త్రీలింగమే. పశ్చిమ జర్మనీలో మోటారు సైకిలు నడుపువారికి ఈ విధి 1976 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. ధరించనివారికి జరిమానా 1980లో మొదలైనది. సైకిలు తొక్కువారికి అట్టి చట్టము లేదు. ధరించువారు తమ యిష్టముచేతనే ధరించుదురు.