అంగడికి శాసనమేది?

మహబూబాబాదు జిల్లా బయ్యారము చెరువును గూర్చి చెప్పునపుడు ఉపాధ్యాయులు మొదట శాసనమునే పేర్కొందురు. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన చెరువది. ఆ శాసనము కాకతీయుల వంశక్రమమును మనకు తెలిపినది. రాజులకు రాయి దొరికినది. మరి ఆ నీటితో పండిన ధాన్యమును కొలిచిన అంగడికి, బాటసారికి అన్నము పెట్టిన పూటకూటింటికి శాసనమేది?

ఒక పూటకూటింటికి మాత్రము పద్యమే శాసనమైనది. 15వ శతాబ్దమున వినుకొండ వల్లభరాయుని పేర వెలసిన క్రీడాభిరామములో మంచనశర్మయు, టిట్టిభసెట్టియు ఓరుగల్లు వీధులలో తిరుగుదురు. అచ్చట లక్ష్మణవజ్ఝల యింట ఒక్క రూకకు భోజనము. కప్పురభోగి అన్నము, గోధుమపిండి వంటకము, పెసరపప్పు, నేయి, గడ్డపెరుగు! ఓరుగల్లు కోటలో శిలాతోరణములు నిలిచినవి. ఆ యిల్లు నిలువలేదు. అయినను ఆ విస్తరి నేటికిని మన కన్నుల యెదుట నున్నది. 1949లో సురవరం ప్రతాపరెడ్డిగారు వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ఇట్టి పద్యములే ఆధారములైనవి.

నేడు ఇదే పనిని కొందరు చిత్రకారులు చేయుచున్నారు. కొరియా దేశమున లీ మీ క్యోంగ్ అను చిత్రకారిణి 1997 మొదలు రెండు దశాబ్దములకు పైగా పల్లెల చిల్లర దుకాణములను, వాని ప్రక్కనున్న చెట్లతో సహా, కలముతో రంగుల సిరాలతో చిత్రించినది. పోలండున జన్మించిన మాతెయుష్ ఉర్బనోవిచ్ టోకియో నగరపు పాత అంగళ్ల ముఖములను నీటిరంగులలో వ్రాసి, 2018లో గ్రంథముగా ప్రకటించినాడు.

మన యూళ్లలోను ఇట్టి రూపములు మాయమగుచున్నవి. అంకెలు వేసిన చెక్కపలకల తలుపులకు బదులు ఇనుప షట్టర్లు వచ్చినవి. చేతితో వ్రాసిన బోర్డును అచ్చు ఫ్లెక్సీ త్రోసివేసినది. పొగచూరిన గోడ, ఇత్తడి బాయిలరు, అరిగిన బల్ల గల చాయి హోటలు ఒక రాత్రిలో నేలమట్టము కావచ్చును.

ఛాయాచిత్రము చాలదా యని అడుగుదురు. అది క్షణములో ముగియును. బొమ్మ గీయువాడు గంటసేపు ఎదుట కూర్చుండవలెను. అప్పుడు దుకాణదారుడు పలుకరించును, బోర్డు ఎవరు వ్రాసిరో, తలుపు ఎప్పుడు చేయించెనో చెప్పును. చిత్రలేఖనపు తరగతి అట్లు చరిత్ర తరగతి యగును.

కావున విద్యార్థులారా, ఈ ఆదివారము మీ వీధిలోని ఒక పాత అంగడిని గీయుడు. క్రింద సంవత్సరమును, చాయి ధరను తప్పక వ్రాయుడు. లక్ష్మణవజ్ఝల యింటి భోజనము నేటికిని మనకు నమ్మదగినదిగా తోచుటకు కారణము, కవి ఆ ఒక్క రూకను మరువకుండుటయే.