వాడని టైరూ పాతబడుతుంది

జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఏ ఇంటి షెడ్డులోకి తొంగిచూసినా నాలుగు చక్రాలు కనిపిస్తాయి. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి ఈ ఊళ్లను ఆనుకునే పోతుంది. సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు ఇంటింటా లారీని నిలబెట్టాయి. సాగర్ ఎడమ కాల్వ కింద వరి, మెట్టన పత్తి, మిరప ట్రాక్టర్లను తెచ్చాయి. లారీ స్టెప్నీ, కారుకు తీసేసిన పాత జత, దమ్ము చక్రాలు బిగించేటప్పుడు విప్పిన ట్రాక్టర్ రబ్బరు చక్రాలు... అన్నీ ఒకే రేకుల కిందకు చేరతాయి. విత్తనాల బస్తాకు ఎత్తు బల్ల వేస్తాం. పురుగుమందుకు తాళం వేస్తాం. వేలు పోసి కొన్న టైరును మాత్రం ఖాళీ ఉన్న మూలకు దొర్లించి వదిలేస్తాం.

ముందుగా చెప్పాల్సింది బరువు గురించి, ఎందుకంటే అది ప్రాణాలతో పని. ట్రాక్టర్ వెనక చక్రానికి పట్టు కోసం ట్యూబులో నీళ్లు నింపుతారు. అలాంటి చక్రంలో వంద లీటర్లకు పైనే నీరుంటుంది. దానిపైన డిస్కు, టైరు బరువు. దమ్ము కాలంలో దాన్ని విప్పి గోడకు ఆనిస్తే, చూడ్డానికి కదలనట్టే ఉంటుంది. కింద నేల మట్టిదై తడిస్తే జారుతుంది. పిల్లలు దాగుడుమూతలు ఆడేది సరిగ్గా ఆ సందులోనే. విప్పే ముందు నీళ్లు తీసేయడం మంచిది. అలా కుదరకపోతే రెండు వైపులా చెక్క దిమ్మెలు పెట్టి, గోడలో దిగేసిన కొక్కేనికి గొలుసుతో కట్టాలి. ఒంటిచేత్తో ఎత్తి నిలబెట్టే సాహసం ఎవరూ చేయకూడదు. కారు, లారీ చక్రాల్ని మనిషి తలకంటే ఎత్తున పేర్చడమూ ఇంతే ప్రమాదం.

ఇక ఎండ. మే నెలలో ఈ ప్రాంతం 44, 45 డిగ్రీలు చూస్తుంది. సిమెంటు రేకుల కింద వేడి బయటకంటే తక్కువేమీ ఉండదు. నిల్వ ఉంచే టైరుకు 25 డిగ్రీల లోపు వేడి మేలనీ, 35 దాటకూడదనీ తయారీదారులు చెబుతారు. మన ఊళ్లో అంత చల్లదనం ఎక్కడిదని వదిలేయక్కర్లేదు. పడమటి ఎండ తగలని గోడ, రేకుల కింద తాటాకు కప్పు, నల్లటి మందపాటి సంచి చాలా వరకు కాపాడతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలతో పాటు ఓజోన్ వాయువు కూడా రబ్బరును పగలగొడుతుంది. వెల్డింగు మంటల దగ్గర, నిప్పురవ్వలు లేచే మోటార్ల దగ్గర ఆ వాయువు పుడుతుంది. డీజిలు, గ్రీజు, పురుగుమందు చుక్కలు రబ్బరులోకి ఇంకి దాన్ని మెత్తబరుస్తాయి. అంటుకుంటే టైరు మంట ఒక పట్టాన ఆరదు. అందుకే మోటారు, స్టార్టరు, డీజిలు డబ్బాలు ఒక పక్క, టైర్లు ఇంకో పక్క ఉండాలి. నిగనిగలాడాలని నూనె రాయడం మానేసి సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెడితే సరిపోతుంది.

డిస్కు ఉన్న చక్రాన్ని పడుకోబెట్టవచ్చు, వేలాడదీయవచ్చు. గాలి కాస్త తగ్గించినా నష్టం లేదు. డిస్కు లేని టైరును నిలబెట్టే ఉంచాలి, నెలకోసారి కొద్దిగా తిప్పాలి. పడుకోబెట్టి ఒకదానిపై ఒకటి పేరిస్తే అడుగున ఉన్నది నొక్కుకుపోతుంది. ట్యూబ్‌లెస్ అయితే తర్వాత డిస్కు అంచుకు సరిగా పట్టదు, గాలి నిలవదు. బండిలోనే ఉండే స్టెప్నీ సంగతి వేరు. దాని గాలి నెలనెలా చూసి నిండుగా ఉంచుకోవాలి. అర్ధరాత్రి హైవే మీద దించి చూసేసరికి అదీ మెత్తబడి ఉండటం ఎంత కష్టమో డ్రైవర్లకు తెలుసు.

వానాకాలం ఇంకో గండం తెస్తుంది. 2023 జూలైలో ఐతవరం దగ్గర మున్నేరు పొంగి జాతీయ రహదారి మీదికి వచ్చింది. 2024 సెప్టెంబరు వరదకు గరికపాడు వద్ద పాలేరు వంతెన దెబ్బతింది. నీరు వెనక్కి తగ్గాక ఊళ్లలో ఎక్కడ నిలుస్తుందో చూస్తే, ఆరుబయట పడేసిన టైరు కడుపు మొదట కనిపిస్తుంది. డెంగీ మోసే ఏడిస్ దోమకు అంత నీరు చాలు. ఆ దోమ గుడ్లు టైరు లోపలి గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. వారం, పది రోజుల్లో దోమలు లేస్తాయి. ఆసియా నుంచి పాత టైర్లతో పాటే ఏడిస్ ఆల్బోపిక్టస్ దోమ అమెరికా చేరింది. 1985లో హ్యూస్టన్‌లో అది స్థిరపడినట్లు గుర్తించారు. సముద్రం దాటిన దోమకు మన ప్రహరీ ఎంత? శుక్రవారం డ్రై డే పాటించే ఇళ్లలో కుండీలు, కూలర్లు వంపుతారు గానీ షెడ్డు వెనక టైర్లను మర్చిపోతారు. నీళ్లు వంపితే చాలదు, లోపల బ్రష్షుతో రుద్దాలి. ఆ తర్వాత కప్పు కిందికి చేర్చాలి.

మన అలవాటు ప్రకారం టైరు బాగుందో లేదో బటన్ చూసి చెబుతాం. దాచిన టైరుకు ఆ లెక్క పనికిరాదు. పక్క గోడ మీద డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 3519 అంటే 2019లో 35వ వారం తయారైంది. ఐదేళ్లు దాటితే ఏటా అనుభవమున్నవాళ్లతో చూపించాలి, పదేళ్లకు బటన్ ఎంత నిండుగా ఉన్నా మార్చేయాలని పెద్ద తయారీదారులు కొందరు చెబుతారు. పక్క గోడలో పగుళ్లు కనిపిస్తే అంతవరకూ ఆగనవసరం లేదు. స్టెప్నీ రోడ్డెక్కలేదు కాబట్టి కొత్తదే అనుకోవడం ఈ దారిలో పెద్ద పొరపాటు. వంద కిలోమీటర్ల వేగంలో పగిలేది అదే.

పనికిరాదని తేలినవి ఇంట్లో ఉంచవద్దు. కొన్నింటిని కోసి చెప్పులకు, గేదెల తొట్లకు వాడతారు. మిగిలినవి పంక్చర్ షాపువాళ్ల ద్వారా పాత టైర్లు కొనేవాళ్లకు చేరతాయి. 2022 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనలు వాడిన టైర్ల పునర్వినియోగ బాధ్యతను తయారీదారుల మీదే పెట్టాయి. భోగి మంటలో వేయడం మాత్రం ఈ సంక్రాంతి నుంచే మానాలి. ఆ నల్లటి పొగ ముందుగా పోయేది మంట చుట్టూ నిలబడ్డ పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకే. టైర్లు డిసెంబరులోనే షెడ్డు దాటిస్తే, భోగి నాడు ఎవరి చేతికీ దొరకవు.