ముందు డబ్బు వెళ్తుంది, వెనకాలే మనసు వెళ్తుంది

ఈ ఎపిసోడ్ అయిపోయాక మీరు ఒక చిన్న పని చేయాలి. మీ ఫోన్‌పే గానీ గూగుల్‌పే గానీ తెరిచి, పోయిన నెల హిస్టరీ మొత్తం ఒకసారి పైనుంచి కిందిదాకా చూడండి.

నేను మొన్న చూశాను. బిర్యానీ, రీఛార్జ్, ఫోన్ ఈఎంఐ, మళ్ళీ బిర్యానీ. తిరిగి ఏమీ ఆశించకుండా ఎవరికైనా ఇచ్చానా అని వెతికితే, ఒకే ఒక్క ఎంట్రీ దొరికింది. నాకు అన్నిటికంటే దేవుడే ముఖ్యమని నేను మైకు పట్టుకుని చెప్తాను. నా ఫోన్ మాత్రం వేరే మాట చెప్తోంది. నిజంగా సిగ్గేసింది.

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసు ప్రభువు దీని గురించే మాట్లాడారు. చిమ్మట కొట్టేచోట, తుప్పు పట్టేచోట, దొంగలు కన్నం వేసేచోట ధనం కూడబెట్టుకోవద్దన్నారు. అప్పట్లో ఆస్తి అంటే బ్యాంకు బ్యాలెన్స్ కాదు కదా. ఖరీదైన బట్టలు, లోహాలు, గింజలు. బట్టల్ని చిమ్మట తినేసేది, మట్టి గోడకి కన్నం వేయడం తేలిక. వింటున్నవాళ్ళకి అది రోజూ చూసే విషయమే.

ఆ తర్వాత వచ్చే 21వ వచనం చాలామందికి కంఠతా వచ్చు. కానీ మనం దాన్ని తిరగేసి అర్థం చేసుకుంటాం. మనసు ఎటు ఉంటే డబ్బు అటు వెళ్తుంది అనుకుంటాం. యేసు చెప్పిన వరస అది కాదు. ముందు ధనం, తర్వాత హృదయం. ధనం ఎక్కడ పెడితే, హృదయం అక్కడికి చేరుతుంది.

ఎలాగో చూడండి. మీరెప్పుడూ పట్టించుకోని ఒక కంపెనీ షేర్లు ఐదు వందలకి కొన్నారనుకోండి. ఇక ఆ రోజు నుంచి గంటకోసారి యాప్ తెరుస్తారు. అలాగే, పక్క వీధిలో ఒక పాప స్కూల్ ఫీజులో కొంత మీరు కట్టారనుకోండి. పరీక్షలప్పుడు ఆ పాప గుర్తొస్తుంది, ప్రార్థనలో పేరు వస్తుంది, రిజల్ట్స్ రోజు మీరే వెళ్ళి అడుగుతారు. "ఇవ్వాలనిపించినప్పుడు ఇస్తాలే" అంటే ఆ రోజు రాకపోవచ్చు. ఇవ్వడం మొదలుపెడితే, అనిపించడం కూడా మొదలవుతుంది.

ఇప్పుడు మార్కు 12వ అధ్యాయం. యెరూషలేము దేవాలయంలో కానుక పెట్టెల ఎదురుగా యేసు కూర్చుని చూస్తున్నారు. అక్కడ బూర ఆకారంలో 13 పెట్టెలు ఉండేవని యూదుల మిష్నా చెప్తుంది. ధనవంతులు చాలా వేస్తున్నారు. ఒక బీద విధవరాలు వచ్చి రెండు కాసులు వేసింది. కాసు అని మన బైబిల్లో ఉన్నది లెప్టన్ అనే చిన్న రాగి నాణెం. దేనారం ఒక రోజు కూలి. రెండు కాసులు అందులో 64వ వంతు. ఈ రోజు కూలి 640 రూపాయలు అనుకుంటే, ఆమె వేసింది పది రూపాయలు. యేసు మాత్రం ఎవరు ఎంత వేశారో కాదు, వేశాక వాళ్ళ దగ్గర ఎంత మిగిలిందో చూశారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఈ కథ చెప్పి పేదవాళ్ళ దగ్గర పిండుకునేవాళ్ళున్నారు. వెయ్యి ఇస్తే దేవుడు పదివేలు చేస్తాడని ఆశపెడతారు. సరిగ్గా ఈ కథకి ముందే, విధవరాళ్ళ ఇళ్ళు మింగేసే శాస్త్రుల గురించి యేసు హెచ్చరించారు. దేవుడికి ఇచ్చేశాం అనే వంకతో అమ్మానాన్నల్ని చూడనివాళ్ళని 7వ అధ్యాయంలో తప్పుపట్టారు. ఉన్నదాన్నిబట్టే ఇవ్వాలి, లేనిదాన్నిబట్టి కాదని పౌలు 2 కొరింథీయులకు 8వ అధ్యాయంలో రాశారు. కాబట్టి అప్పు చేసి కానుక వేయక్కర్లేదు. అమ్మ మందుల డబ్బు తీసి అస్సలు వేయకండి.

మరి తక్కువ ఉన్నవాళ్ళు ఎలా ఇస్తారు? మిజోరం క్రైస్తవుల్ని చూడండి. అక్కడ 1910 నుంచి 'బుఫాయ్ థామ్' అనే అలవాటు ఉంది. అంటే గుప్పెడు బియ్యం. వంటకి బియ్యం తీసిన ప్రతిసారీ ఒక గుప్పెడు పక్కన పెడతారు. సంఘం వాళ్ళు అవన్నీ పోగుచేసి అమ్మి, ఆ డబ్బు సేవకి వాడతారు. మన పల్లె సంఘాల్లో కూడా ఇలా పిడికెడు బియ్యం తీసిపెట్టే అమ్మమ్మలున్నారు. ఒక్కటి గమనించండి. తిన్నాక మిగిలిన అన్నం కాదు అది. పొయ్యి మీద పెట్టకముందే తీసిన బియ్యం. మనం చివర్లో ఏమైనా మిగిలితే చూద్దాం అంటాం. వాళ్ళు ముందే తీసేస్తారు.

మనమూ అలా చేయొచ్చు. జీతమో స్టైపెండో పాకెట్ మనీయో రాగానే, రీఛార్జ్ కంటే ముందు కొంత పక్కన పెట్టండి. 50 రూపాయలైనా పర్లేదు. కనబడిన ప్రతి క్యూఆర్ కోడ్‌కీ కొట్టకండి, ఎవరికి వెళ్తుందో తెలుసుకుని ఇవ్వండి. ఇచ్చాక స్టేటస్ పెట్టకండి. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నది కూడా ఆ 6వ అధ్యాయంలోనే ఉంది.

దేవుడికి మన పది రూపాయలు అవసరమై అడగడం లేదు, ఫ్రెండ్స్. మన కోసం తన కుమారుణ్ణే ఇచ్చినవాడు ఆయన. ఆయనకి కావాల్సింది మన హృదయం. అది మన డబ్బు వెనకాలే వెళ్తుందని ఆయనకి బాగా తెలుసు.

అప్పుడు కానుక పెట్టెల ఎదురుగా కూర్చున్నట్టు, ఈ రాత్రి యేసు మీ పక్కన కూర్చుని మీ పేమెంట్ హిస్టరీ చూస్తే? తిట్టడానికి కాదు, మీ మనసు ఎక్కడుందో మీకు చూపించడానికి. ఒక్కసారి ఆయనతో కలిసి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.