రెండుమార్లు కాలిన పండుగ బిస్కట్టు

ఇటలీ దేశపు బిస్కోటీని మొదటిసారి కొరికినవారు, "ఇదేమిటి, ఇంత గట్టిగా ఉన్నది! నిలవదా?" అని అడగడం కద్దు. ఆ గట్టిదనం దోషం కాదు. దానికోసమే దీనిని రెండుమార్లు కాలుస్తారు. లాటిను భాషలో 'బిస్' అనగా రెండుమార్లు, 'కోక్తుస్' అనగా వండినది. మన పిల్లలు నిత్యం అడిగే బిస్కట్టు అన్న మాటకూ మూలం ఇదే. అయితే నేటి బిస్కట్లు చాలావరకు ఒక్కసారి కాలినవే. టీతో తినే రస్కు మాత్రం పాత పద్ధతిని నిలుపుకొన్నది.

ఈ వంటకానికి పేరుపడ్డ ఊరు ప్రాతో. టస్కనీ సీమలో ఫ్లారెన్సు నగరానికి చేరువలో ఉన్నది. 1858లో ఆంతోనియో మత్తేయి అక్కడ తెరచిన దుకాణం నేటికీ నడుస్తున్నది. గోధుమపిండి, చక్కెర, కోడిగుడ్లు, బాదంపప్పు, పైన్ గింజలు అక్కడి సరకులు. వెన్న ఊసే లేదు. ఇండ్లలో చేసుకొనేవారు, ముఖ్యంగా క్రిస్మస్ రోజులలో, నారింజ లేక నిమ్మ తొక్క తురుము కూడా కలుపుతారు.

పొరపాటు జరిగేది ఇక్కడనే. పరిమళం హెచ్చు కావలెనని కొందరు పండ్లరసం పోస్తారు. మేమును మొదట అట్లే చేసినాము. మూడవనాటికి డబ్బాలోని ముక్కలు మెత్తబడినవి. రసమంటే చాలావరకు నీరే. పరిమళమంతా తొక్క పైపొరలోని తైలంలో ఉన్నది. దాని క్రింది తెల్లపొర చేదు. కనుక పైపొరను మాత్రమే తురిమి, చక్కెరలో వేసి వ్రేళ్ళతో నలపవలెను.

పావుకిలో మైదాకు 150 గ్రాముల చక్కెర, రెండు గుడ్లు, 125 గ్రాముల పొట్టు తీయని బాదం, ఒక నారింజ తురుము, అరచెంచా బేకింగ్ పౌడరు సరిపోతాయి. ముద్దను రెండు పొడవాటి దిమ్మెలుగా చేసి, 180 డిగ్రీల సెల్సియస్ వేడిగల ఓవెనులో ఇరువదియైదు నిమిషాలు కాల్చి, పది నిమిషాలు ఆరనివ్వవలెను. వేడిమీద కోస్తే ముక్క పొడి అవుతుంది. పూర్తిగా చల్లారితే బాదం కత్తికి అడ్డుపడి విరుగుతుంది. పళ్ళున్న కత్తితో, ఏటవాలుగా, వ్రేలెడు మందాన కోసి, 150 డిగ్రీల వేడిలో ఒక్కొక్క వైపు పది నిమిషాలు ఉంచవలెను. ఈ రెండవ కాల్పు రంగుకోసం కాదు, మిగిలిన తేమను పోగొట్టడానికి.

చల్లారిన తరువాతనే డబ్బాలో పెట్టి మూత బిగిస్తే రెండు వారాలు నిలుస్తాయి. పండుగకు ముందే చేసి దూరపు బంధువులకు పంపవచ్చును. టస్కనీవారు భోజనానంతరం విన్ సాంతో అనే తియ్యని ద్రాక్షమద్యంలో ముంచి తింటారు. మాకు కాఫీయే చాలు. పది లెక్కించేవరకు ముంచి ఉంచవలెను. పళ్ళు కదిలిన పెద్దలకైతే మరికొంతసేపు.