కండ పట్టించడానికి పీతలు కొంటున్నారా? మెత్త పీతకీ జబ్బు పీతకీ తేడా గమనించండి

బాపట్ల, కృష్ణా, కోనసీమ తీర గ్రామాల్లో రొయ్యల చెరువు వేసే స్తోమత లేని చిన్న రైతులు కొందరు పది, ఇరవై సెంట్ల గుంటల్లో మండ పీతలకు కండ పట్టించి అమ్ముతున్నారు. పీత కుబుసం విడిచాక పెద్ద డిప్ప వస్తుంది గానీ లోపల కండ ఉండదు, నీళ్లే ఉంటాయి. అలాంటి మెత్త పీతను తక్కువ ధరకు కొని 20 నుంచి 30 రోజులు మేపితే గట్టి పీత ధర పలుకుతుంది. పెట్టుబడిలో ఎక్కువ భాగం పీత కొనుగోలుకే పోతుంది కాబట్టి లాభమైనా నష్టమైనా కాటా దగ్గరే సగం తేలిపోతుంది.

చిక్కు ఎక్కడంటే, కుబుసం విడిచిన పీతా తేలికగానే ఉంటుంది, జబ్బుతో చిక్కిపోయిన పీతా తేలికగానే ఉంటుంది. రెండూ ఒకే బుట్టలో, ఒకే ధరకు వస్తాయి.

ముందు డిప్ప చూడండి. ఈమధ్యే కుబుసం విడిచిన పీత డిప్ప శుభ్రంగా, నిగనిగలాడుతూ ఉంటుంది. పొట్ట వైపు తెల్లగా, డెక్కల పళ్లు అరగకుండా ఉంటాయి. డిప్ప మాసిపోయి, పాచి పట్టి, గవ్వల్లాంటి పొక్కులు అంటుకుని ఉండి కూడా బరువు లేదంటే అది కుబుసం విడిచిన పీత కాదు. ఎంత తక్కువకు ఇచ్చినా పక్కన పెట్టండి. తుప్పు రంగు మచ్చలు, గుంటలు పడిన డిప్ప కూడా వద్దు.

తర్వాత వెల్లకిలా తిప్పి, చివరి కాలు మొదలు దగ్గర బొటనవేలితో నొక్కండి. కొంచెం లొంగి మళ్లీ పైకి రావాలి. అసలు లొంగకపోతే కండ నిండిన పీతే, మనకు లాభం లేదు. తడి అట్టలా వేలు దిగిపోతుంటే మరీ లేత పీత, బండి మీద ఇంటికి చేరేలోపే చస్తుంది.

కంటి కాడను పుల్లతో తాకితే వెంటనే ముడవాలి. కాళ్లు వేలాడకూడదు. నోటి దగ్గర ఆగకుండా నురగ వస్తుంటే మొప్పలు ఆరిపోతున్నాయని అర్థం. అమోనియా వాసన వచ్చే బుట్ట జోలికి పోవద్దు. కాలి కీలు దగ్గరి పలచని చర్మం లోంచి నెత్తురు పాలలా తెల్లగా కనిపిస్తే అది పరాన్నజీవి జబ్బు. మంచి పీత నెత్తురు లేత నీలి ఛాయలో తేటగా ఉంటుంది.

ఒక నడక కాలు లేకపోతే భయం లేదు, తర్వాతి కుబుసంలో మొలుస్తుంది. రెండు డెక్కలూ ఊడిన పీత మాత్రం సరిగా మేత తినలేదు, పక్క పీతలకే మేత అవుతుంది. అంగడిలో దాన్ని కొనేవారూ ఉండరు. పొట్ట మూత కింద గుడ్ల గుత్తి ఉన్న ఆడ పీతను కొనకండి. దాన్ని వదిలితేనే వచ్చే ఏడాది మన కాలువల్లో పీతలుంటాయి.

ఇన్ని చూసినా కంటికి కనిపించనిది ఒకటుంది. మండ పీత తెల్లమచ్చ వైరస్‌ను మోస్తుంది, తను మాత్రం మామూలుగా తిరుగుతూనే ఉంటుంది. మీ గుంట పక్కన వనామీ చెరువు ఉంటే ఇది మీ ఒక్కరి విషయం కాదు. పీతలు తెచ్చిన బుట్ట కడిగిన నీళ్లు ఉమ్మడి కాలువలో పోయకండి. ఒకే వల, ఒకే బకెట్ రెండింటికీ వాడకండి. చచ్చిన పీతను కాలువలోకి విసరకుండా సున్నం వేసి పూడ్చండి. గుంట చుట్టూ వల కంచె తప్పనిసరి, పీత రాత్రిపూట గట్టెక్కి పక్క చెరువులోకి పోతుంది. అనుమానముంటే రైతు సేవా కేంద్రంలోని మత్స్యశాఖ సహాయకుణ్ణి అడిగి రెండు మూడు పీతలకు పీసీఆర్ పరీక్ష చేయించుకోండి. పొరుగు రైతుతో తగాదా కంటే ఆ ఖర్చే తక్కువ.

చల్లపూట కొని, తడి గోనెపట్టా కప్పి తీసుకురండి. గుంట దగ్గర అరగంట పాటు ఆ గుంట నీళ్లే కొద్దికొద్దిగా చల్లి, అప్పుడు కట్లు కోసి గట్టు మీద వదలండి. బాగున్న పీత తనంతట తానే నీళ్లలోకి దిగిపోతుంది. దిగకుండా ఒడ్డునే కూర్చున్నవాటిని వేరే తొట్టిలో ఉంచి ఒకరోజు చూడండి, మిగతావాటితో కలపకండి.