'తెలుగు'కు పొడవెంత? 3, 6, 18

'తెలుగు' అనే మాటలో అక్షరాలెన్ని అంటే ఎవరైనా 3 అంటారు. అదే మాట పొడవు పైథాన్‌నో జావానో అడిగితే 6 అంటాయి. ఎత్వాన్నీ రెండు ఉకారాలనూ అవి విడి గుర్తులుగా లెక్కేస్తాయి. గో భాష బైట్లు లెక్కపెడుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు కాబట్టి అక్కడ 18 వస్తుంది.

అందుకే స్ట్రింగ్ హద్దు తెలియాలంటే, ముందు దేన్ని లెక్కపెడుతున్నామో తేల్చుకోవాలి. పైథాన్‌లో పొడవు 6 అంటే ఇండెక్స్ 0 నుంచి 5 వరకే. 6 అడిగితే ఇండెక్స్ ఎర్రర్. జావా కూడా ఊరుకోదు. జావాస్క్రిప్ట్ మాత్రం 'అన్‌డిఫైన్డ్' ఇచ్చి ముందుకు సాగిపోతుంది. సీ భాష హద్దే చూడదు, పక్క మెమరీలో ఏముంటే అది చదివేయవచ్చు. 2024 జులై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. అది స్ట్రింగ్ కాదు గానీ తప్పు ఈ జాతిదే: ఉన్న విలువలు 20, కోడ్ చదవబోయింది 21వది.

మన కోడ్‌లో ఈ తప్పు ఎక్కువగా పక్కపక్క గుర్తుల్ని పోల్చే లూప్‌లో దొర్లుతుంది. పొడవు 6 ఉన్న స్ట్రింగ్‌లో ఇండెక్స్ ఐ దగ్గరి గుర్తును ఐ+1 దగ్గరి దానితో పోల్చేటప్పుడు ఐ 5 దాకా వెళ్తే, ఐ+1 హద్దు దాటినట్టే. లూప్ 4తోనే ముగియాలి. షరతుల వరుస కూడా ముఖ్యం. 'ఐ పొడవు కంటే తక్కువేనా' అన్నది ముందు, గుర్తును చదవడం తర్వాత. తిరగేస్తే ఆ కాపలా ఉన్నా లేనట్టే.

నా దృష్టిలో ఎర్రర్ వచ్చే తప్పు కంటే రాని తప్పే ప్రమాదం. పూర్తి పేరులో స్పేస్ ఎక్కడుందో 'ఫైండ్'తో వెతికి, అక్కడిదాకా కోసి మొదటి పేరు తీసుకునే కోడ్ ఉందనుకోండి. స్పేస్ లేకపోతే ఫైండ్ -1 ఇస్తుంది. పైథాన్‌లో -1 అంటే చివరి గుర్తు. దాని ముందువరకు కోస్తే 'రాము' కాస్తా 'రామ' అవుతాడు. ఎర్రర్ ఉండదు, ప్రోగ్రాం ఆగదు, మారిన పేరు డేటాబేస్‌లోకి చేరిపోతుంది. కోసే ముందు 'వచ్చింది -1 కాదు కదా' అని ఒక్క లైను రాస్తే చాలు.

పరీక్షించేటప్పుడు ఖాళీ స్ట్రింగ్, ఒకే గుర్తున్న స్ట్రింగ్, స్పేస్ లేని పేరు తప్పకుండా ఇచ్చి చూడండి. ఖాళీ స్ట్రింగ్ పొడవు 0. దానికి 0వ ఇండెక్స్ కూడా హద్దు బయటే.